ఇన్‌స్టా, ఫేస్‌బుక్ వదిలేసి 47 రోజులు. మనసు మెత్తగా ఉండటం తప్పా?

మగ్గం_అక్క (నెల్లూరు)
2025 సెప్టెంబరు 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట. ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను. పదకొండేళ్ళుగా ఇదే పని. ఇక్కడ ఎప్పుడూ చదివి వెళ్ళిపోతుంటాను, రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

శ్రావణమాసం ముందు మా పనివాళ్ళకి నిద్ర ఉండదని ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ రోజుల్లోనే ఒక పెళ్ళికూతురి జాకెట్టుకి వెనక మెడ మీద నెమళ్ళ జంట వేశాను. ఆరు రోజులు పట్టింది. నెమలి మెడకి నీలం పట్టుదారం, తోకకి జర్దోసి, కన్ను దగ్గర ఒక్కటే తెల్లపూస. అయిపోయాక చూసుకుంటే నాకే ముచ్చటేసింది. రీల్ తీసి పెట్టాను.

రాత్రి 11 దాటాక ఒక కామెంట్ వచ్చింది. "ఇది మిషన్ వర్క్. మగ్గం అని చెప్పి జనాన్ని మోసం చేస్తున్నారు." అంతే. దానికి 38 లైకులు.

పని బాలేదంటే బాధపడేదాన్ని కాదు. మోసం అన్నారు. లేచి లైటు వేసి, జాకెట్టు తిరగేసి, లోపలివైపు ఫోటోలు తియ్యడం మొదలుపెట్టాను. చేత్తో కుట్టినదానికి వెనకాల దారం ముడులు కనపడతాయి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. మిషన్‌దైతే అంతా ఒకే లెక్కన పోతుంది. ఆ ముడులన్నీ దగ్గరగా తీసి, ఇదిగో చూడండి, ఇదిగో చూడండి అని ఒక్కొక్కటే పెట్టాను. ఒంటిగంటకి మా ఆయన లేచి "ఎవరికి చూపిస్తున్నావు?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆ మనిషి పేరు కూడా నిజమైనది కాదు, ఫోటో బదులు ఒక పువ్వు ఉంది.

మర్నాడు సూది చేతిలో నిలవలేదు. ఇంకొకళ్ళ జాకెట్టుకి చేతుల మీద తీగ తప్పుగా పోయింది. మొత్తం విప్పాల్సి వచ్చింది. పట్టు గుడ్డ కదా, విప్పితే సూది రంధ్రాలు అట్టానే ఉండిపోతాయి. గుడ్డకి డబ్బులు నేనే కట్టుకున్నాను.

ఆ రోజే ఇన్‌స్టా, ఫేస్‌బుక్ రెండూ తీసేశాను. వాట్సాప్ మాత్రం ఉంచుకున్నా, పని కోసం.

నేను చిన్నప్పటి నుంచీ ఇంతే. ఎవరైనా గొంతు పెంచితే చాలు, కడుపులో తిప్పేది. ఎక్కడో ముక్కూ మొహం తెలియని ఊళ్ళో పసిబిడ్డకి యాక్సిడెంట్ అయిన వీడియో చూశానంటే ఆ పూట అన్నం దిగదు. మా అమ్మ "దీనికి కళ్ళలోనే చెరువు ఉంది" అనేది. అత్తగారింట్లో ఏడుపుగొట్టు అన్నారు. ఈ 47 రోజుల్లో నిద్ర బాగుంది, పని బాగుంది. కానీ రెండు సంగతులు పీకుతున్నాయి. నెలకి 14 దాకా వచ్చే ఆర్డర్లు 9కి పడిపోయాయి. ఇంకోటి, మా ఆడబిడ్డ గృహప్రవేశం ఫోటోలు పెట్టిందట, నేను లైకు కొట్టలేదని "వదినకి మా సంతోషం పట్టదు" అని అందరి దగ్గరా అంటోంది. ఆ మాట నాకు చేరిన రోజు మళ్ళీ అదే బాధ. వదిలేసినా పోలేదు.

అడగాలనుకున్నది ఇదే. తప్పు ఫోన్‌లో ఉందా, నాలో ఉందా? మీలో ఇలాంటి మనసున్నవాళ్ళు ఎట్టా నెట్టుకొస్తున్నారు?

రొయ్యల_రైతు (విడవలూరు)
సెప్టెంబరు 3, రాత్రి 10:05

అమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఎవడో పేరు లేనివాడు అన్న మాటకి పట్టు గుడ్డ పాడు చేసుకుంటే ఎట్టా? మా గుంటల మీద రోజూ వంద మాటలు పడతాం. లోకం అట్టానే ఉంటుంది. మనమే కొంచెం గట్టిపడాలి. ఆర్డర్లు పోగొట్టుకోవడం మంచిది కాదు. మళ్ళీ పెట్టుకోండి, కామెంట్లు ఆపేసే ఏర్పాటు ఉంటుంది కదా.

కావలి_కుర్రాడు
సెప్టెంబరు 3, రాత్రి 10:31

అక్కా, మీ నెమలి సంగతి చదివి బాధేసింది. కానీ నేను వేరే మాట చెప్తాను.

నాకు నత్తి ఉంది. బీటెక్ మూడో సంవత్సరం. క్లాసులో వైవా అంటే ముందు రోజు నుంచే టెన్షన్. నా పేరులో మొదటి అక్షరమే నాకు పలకదు. ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు మాత్రం నేను అందరిలాంటివాణ్ణే. నత్తి ఉన్నవాళ్ళ గ్రూపు ఒకటి ఉంది, తెలుగులోనే మాట్లాడుకుంటాం. అక్కడ నన్ను మధ్యలో ఆపి మాట పూర్తి చేసేవాళ్ళు ఉండరు.

వేసవిలో మా మామయ్య ఫోనే నీకు రోగం అని చెప్తే అన్నీ తీసేసి 20 రోజులు ఉన్నాను. అందరూ చెప్పే ప్రశాంతత నాకు రాలేదు. సాయంత్రం హాస్టల్ గదిలో ఫ్యాను చూస్తూ పడుకునేవాణ్ణి. ఆ 20 రోజుల్లో నేను ఎవరితోనూ పూర్తి వాక్యం మాట్లాడలేదు. మళ్ళీ గ్రూపులోకి వచ్చిన రోజు "ఎక్కడికి పోయావురా" అని ఏడుగురు అడిగారు.

అందుకే అందరికీ ఒకటే మందు అంటే ఒప్పుకోను. నేనూ సెన్సిటివే. మెసేజ్ చూసి జవాబు ఇవ్వకపోతే గంట సేపు అదే ఆలోచిస్తాను. కానీ నాకు ఊరు అంటే అదే.

ఒంగోలు_మాస్టారు
సెప్టెంబరు 4, ఉదయం 6:12

అమ్మాయ్, విడవలూరు తమ్ముడు గట్టిపడమన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నాకు 64 ఏళ్ళు, నేను ఇప్పటికీ గట్టిపడలేదు. ముప్ఫై మూడేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి. బడి మానేసిన పిల్లవాడి ఇంటికి వెళ్ళి, వాళ్ళమ్మ ముందు మాట పెగలక నిలబడిపోయిన రోజులు ఉన్నాయి. అది నాకు లోటు అని ఎప్పుడూ అనిపించలేదు. ఆ పిల్లలు ఇవాళ్టికీ ఒంగోలు బస్టాండులో కనిపిస్తే చేతిలో సంచి అందుకుంటారు.

నా సంగతి చెప్తాను. మా పదో తరగతి వాళ్ళం 43 మందిమి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మొదట్లో బాగుండేది. మనవళ్ళ ఫోటోలు, మోకాళ్ళ నొప్పులకి మందులు, ఎవరికైనా రక్తం కావాలంటే సాయం. 2024 మే 13న ఓట్లు పడ్డాయి, జూన్ 4న ఫలితాలు వచ్చాయి. ఆ మూడు వారాల్లో గ్రూపు నిప్పుల కొలిమి అయింది. దర్శి దగ్గర ఉండే నా మిత్రుడు ఒకడు, యాభై ఏళ్ళ స్నేహం, మేమిద్దరం ఒకే పలక మీద లెక్కలు చేసినవాళ్ళం, ఒక బొమ్మ పంపాడు. ఫలానా పార్టీకి వేసినవాళ్ళు పశువులతో సమానం అని దాని మీద రాసి ఉంది. నేను ఎవరికి వేశానో వాడికి తెలుసు. నన్నే అన్నాడనుకున్నాను. గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. ఆరు నెలలు మాట లేదు.

సంక్రాంతి ముందు ఉండబట్టలేక దర్శి బస్సు ఎక్కాను. వెళ్ళేసరికి వాడు గేదెకి జొన్న చొప్ప వేస్తున్నాడు. నన్ను చూసి చేతిలో చొప్ప అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. కాఫీ అయ్యాక అడిగాను, ఆ బొమ్మ ఎందుకు పెట్టావురా అని. వాడికి గుర్తే లేదు. ఫోన్ తీసి వెతికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "ఇంత మాట ఉందా దీంట్లో? నేను చదవలేదురా, పైన బొమ్మ చూసి వచ్చింది వచ్చినట్టు పంపాను" అన్నాడు. దాని మీద రెండు బాణాల గుర్తు కూడా ఉంది, అంటే అప్పటికే చాలా చేతులు మారి వచ్చిందని. అలాంటివాటిని ఒకసారికి ఒక్కరికే పంపేలా 2020లో కట్టడి పెట్టారు. ఒక్క గ్రూపుకి పంపితే చాలదూ, 43 మందికి తగలడానికి.

నాకు ఆరు నెలలు నిద్ర లేకుండా చేసిన మాటని, పంపినవాడు చదవనే లేదు. ఆ రోజు నుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను. ఎదురుగా ఉండి అనే మాటకి అన్నవాడి మొహం ఉంటుంది, గొంతు ఉంటుంది. ఎంత బరువు ఇవ్వాలో మనకి తెలుస్తుంది. ఫోన్‌లో వచ్చేదానికి మన మనసే మొహం తగిలిస్తుంది. మెత్తని మనసున్నవాళ్ళం ఎప్పుడూ ఉన్నదానికంటే కోపంగా ఉన్న మొహమే తగిలిస్తాం.

నేను మళ్ళీ ఆ గ్రూపులో చేరలేదు. నెలకోసారి దర్శి వెళ్తున్నాను.

పొదిలి_ఫోన్_రిపేర్
సెప్టెంబరు 4, ఉదయం 9:50

అందరికీ పనికొచ్చే నాలుగు ముక్కలు. మా షాపుకి వచ్చి "తీసేశాం కానీ మళ్ళీ వచ్చింది" అని చాలామంది అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా.

ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే అకౌంటు పోదు. డీయాక్టివేట్ చేస్తే దాక్కుంటుంది, మళ్ళీ లాగిన్ అయితే అంతా తిరిగి వస్తుంది. పూర్తిగా డిలీట్ కొడితే ఫేస్‌బుక్, ఇన్‌స్టా రెండింటికీ 30 రోజుల గడువు ఉంటుంది. ఆలోపు లాగిన్ అయితే డిలీట్ రద్దు చేసేసుకోవచ్చు. అక్కడే అందరూ జారిపోతారు. డిలీట్ కొట్టేముందు మీ ఫోటోలు డౌన్‌లోడ్ చేసుకోవడం మరిచిపోవద్దు. మగ్గం డిజైన్లైతే మరీ.

వాట్సాప్ గ్రూపులోంచి బయటికి వస్తే 2022 నుంచి అడ్మిన్లకి మాత్రమే కబురు వెళ్తుంది, ముందులాగా అందరికీ చాటింపు వెయ్యదు. బయటికి రావడం మర్యాద కాదనుకుంటే ఆర్కైవ్‌లో పెట్టండి, కొత్త మెసేజ్ వచ్చినా పైకి రాదు. కావలి తమ్ముడూ, నీలం టిక్కులు ప్రైవసీ సెట్టింగుల్లో ఆపేసుకోవచ్చు. నీ టిక్కులు వాళ్ళకి కనపడవు, వాళ్ళవి నీకు కనపడవు. గ్రూపుల్లో మాత్రం ఆపలేం.

చెన్నై_నెల్లూరమ్మాయి
సెప్టెంబరు 4, మధ్యాహ్నం 2:15

పుట్టిల్లు కోవూరు. చెన్నైలో కౌన్సెలర్‌గా పని చేస్తున్నాను. మగ్గం అక్కా, మీరు అడిగిన ప్రశ్న నా దగ్గరికి వచ్చేవాళ్ళు రోజూ అడిగేదే, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

మీలాంటి మనసు గురించి అమెరికాలో ఎలైన్ ఆరన్ అనే సైకాలజిస్టు 1990లలో పరిశోధన చేశారు. ఆమె లెక్క ప్రకారం జనంలో 15 నుంచి 20 శాతం మంది పుట్టుకతోనే ఇలా ఉంటారు. చూసినదాన్నీ విన్నదాన్నీ లోతుగా నెమరు వేస్తారు, సందడి ఎక్కువైతే త్వరగా అలసిపోతారు, ఎదుటివాళ్ళ బాధ తమదే అన్నట్టు తగులుతుంది, ఇతరులు గమనించని చిన్న తేడాలు వీళ్ళ కంట పడతాయి. ఇది జబ్బు కాదు, డాక్టర్ల జబ్బుల జాబితాలో లేదు. నెమలి కంటికి ఒక్క తెల్లపూస చాలు అని మీకు తోచింది చూశారా, అది తోచిన కన్నూ ఆ కామెంటుకి తగిలిన మనసూ ఒక్కటే. ఒకటి ఉంచుకుని ఒకటి తీసేయడం కుదరదు. తర్వాత వచ్చిన పరిశోధనల్లో నాకు బాగా నచ్చిన సంగతి, ఇలాంటివాళ్ళకి చెడు ఎంత గట్టిగా తగులుతుందో మంచి కూడా అంతే గట్టిగా పని చేస్తుంది. మంచి చోట ఉంటే మిగతావాళ్ళకంటే ఎక్కువ వికసిస్తారు.

ఇక ఫోన్ సంగతి. 2012 జనవరిలో ఫేస్‌బుక్ ఒక వారం పాటు 6,89,003 మందికి తెలియకుండా వాళ్ళకి కనిపించే పోస్టుల్ని మార్చింది. కొందరికి సంతోషకరమైనవి తగ్గించింది, కొందరికి బాధాకరమైనవి తగ్గించింది. మొదటివాళ్ళు తాము రాసేటప్పుడు కాస్త ఎక్కువ బాధగా, రెండోవాళ్ళు కాస్త ఎక్కువ సంతోషంగా రాశారు. 2014లో ఈ సంగతి బయటపడి పెద్ద గొడవ అయింది, అడగకుండా మనసులతో ఆడుకున్నారని. నిజం చెప్పాలంటే వచ్చిన మార్పు చాలా చిన్నది. కానీ ఎదురుగా మనిషి లేకపోయినా ఒకరి మనసు ఇంకొకరికి అంటుకుంటుందని అది చూపించింది.

వదిలేస్తే మేలు ఎంత? 2018లో అమెరికా ఎన్నికల ముందు రెండు వేల మందికి పైగా మనుషులతో ఒక పరిశోధన చేశారు. కొందరు 4 వారాలు ఫేస్‌బుక్ ఆపేశారు. రోజుకి సుమారు గంట మిగిలింది, ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో గడిపిన సమయం పెరిగింది, మనసు కొద్దిగా కుదుటపడింది. వార్తలు మాత్రం తక్కువ తెలిశాయి. అదే ఏడాది అచ్చయిన, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులతో చేసిన ఇంకో పరిశోధనలో, పూర్తిగా వదలకుండా రోజుకి 30 నిమిషాలకి కుదించుకున్నవాళ్ళలో 3 వారాలకి ఒంటరితనం, దిగులు తగ్గాయి. కాబట్టి అంతా వదిలితేనే మేలు అని ఎక్కడా లేదు.

కావలి తమ్ముడూ, నువ్వు చెప్పింది అందుకే ముఖ్యం. నిన్ను పేరుతో పిలిచి ఎక్కడికి పోయావని అడిగే ఏడుగురు ఉన్న చోటు, మోసం అని రాసి పువ్వు వెనక దాక్కునే చోటు ఒకటి కాదు. రెండూ అదే ఫోన్‌లో ఉండటం వల్ల ఒకే పేరుతో పిలుస్తున్నాం.

ఒక హెచ్చరిక కూడా. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి పోయి, ఇష్టమైన పని మీద కూడా మనసు లేకుండా ఉంటే, లేదా బతకాలని లేదు అనిపిస్తుంటే, అది సున్నితత్వం కాదు. డాక్టరుకి చూపించుకోవాలి. మనసు బాగోలేనివాళ్ళు ఫోన్ చేసి మాట్లాడే టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మన వైపు మనసు బాగోలేకపోతే జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో నిద్ర చేయిస్తారు కదా. మా అమ్మమ్మ కూడా చేసింది. ఆ తల్లి మీద నమ్మకం ఉంచుకోండి, డాక్టరు దగ్గరికీ వెళ్ళండి. ఒకటి ఉంటే ఇంకోటి వద్దు అని కామాక్షమ్మ ఎప్పుడూ అనలేదు.

మగ్గం_అక్క (నెల్లూరు)
సెప్టెంబరు 4, రాత్రి 10:20

మధ్యాహ్నం నుంచి ఇవన్నీ మూడుసార్లు చదివాను. ఎవరికి ముందు చెప్పాలో తెలియడం లేదు.

కావలి తమ్ముడూ, నీ మాట విన్నాక నా ప్రశ్నే మారిపోయింది. నాకు పోయింది జనం గుంపు, నీకు పోయింది మనుషులు. ఆ గ్రూపు వదలొద్దు. వైవా ముందు రోజు ఇక్కడ రాయి, మేము ఉంటాం.

మాస్టారూ, ఇవాళ సాయంత్రం మా ఆడబిడ్డకి ఫోన్ చేశాను. మెసేజ్ కాదు, ఫోన్. "నేను అవన్నీ తీసేశానమ్మా, నీ ఇంటి ఫోటోలు చూడలేదు, నాకు పంపించు" అన్నాను. మూడు నిమిషాలు మాట్లాడింది. గొంతు ముభావంగానే ఉంది. "ఆహా, అట్టనా" అంది. ఫోటోలు ఇంకా పంపలేదు. కానీ నాకు నిన్నటి బాధ లేదు. ఆ మూడు నిమిషాల్లో వెనకాల పసివాడు ఏడుస్తున్నాడు, కుక్కరు విజిల్ వేస్తోంది, తను అలిసిపోయి ఉంది. ఇన్ని రోజులూ నేను నా మనసులో చూసుకున్న మొహం అది కాదు. మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఆదివారం వెళ్ళి ఇల్లు చూసి వస్తాను.

ఆర్డర్ల సంగతి. చిన్నబజారులో చీరల షాపు ఒకటి ఉంది, వాళ్ళు నా పని పెట్టిన చిన్న ఫ్రేము ఒకటి కౌంటరు దగ్గర తగిలిస్తామన్నారు. చేత్తో ముట్టుకుని, తిరగేసి చూసుకోవచ్చు. వెనకవైపు కూడా కనపడేలాగే బిగించి ఇచ్చాను.

విడవలూరు అన్నా, మీరేమీ తప్పు అనలేదు.

రొయ్యల_రైతు (విడవలూరు)
సెప్టెంబరు 5, తెల్లవారుజామున 3:20

నిద్ర లేదు, గుంట గట్టు మీద కూర్చుని రాస్తున్నా. మొన్న రాత్రి గట్టిపడమని చెప్పాను. తల్లీ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

నేను ఆరు రొయ్యల గ్రూపుల్లో ఉన్నా. వదలడానికి లేదు, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ కౌంటు రేట్లు, పట్టుబడి కబుర్లు అన్నీ అందులోనే. గత నెల అమెరికా వాళ్ళు మన సరుకు మీద సుంకం 50 శాతం చేశారు కదా, ఆగస్టు 27 నుంచి. మన వనామి రొయ్యకి పెద్ద బేరం వాళ్ళదే. అది మొదలైన దగ్గర్నుంచి గ్రూపుల్లో రాత్రీ పగలూ ఒకటే భయం. రేటు ఇంకా పడుద్ది, కంపెనీలు కొనవు, ఇప్పుడే పట్టేయండి, పట్టొద్దు ఆగండి. ఒకడు ఏడుస్తూ ఆడియో పెడతాడు. వాడెవడో నాకు తెలియదు, అది విన్నాక నా గుండె దడదడలాడుద్ది.

మొన్న ఆ భయంతోనే సగం ఎదగని రొయ్య పట్టేశాను. రెండు వారాలు ఆగి ఉండాల్సింది. మేత వేసినప్పుడు చెక్ ట్రే, అంటే మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళెం, అది చూశా, రొయ్య బాగుంది, పేగు నిండా ఉంది, నీళ్ళు బాగున్నాయి. నా కళ్ళు చూసిందాన్ని నమ్మకుండా గ్రూపు చెప్పిందాన్ని నమ్మాను. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. మీ పట్టు గుడ్డకి సూది రంధ్రాలు పడ్డాయన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను.

రెండో గుంట ఇంకా ఉంది. ఇవాళ్టి నుంచి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి రేట్లు చూస్తా, మధ్యలో ఫోన్ మోటారు షెడ్డులో పెడతా. కరెంటు పోతే నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిన సంగతి చెవికే తెలుసుద్ది, దానికి ఫోన్ అక్కర్లేదు.

ఒంగోలు_మాస్టారు
సెప్టెంబరు 5, ఉదయం 6:05

తమ్ముడూ, ఇంట్లో చెప్పు. ఇవాళే చెప్పు. పొద్దున టిఫిను దగ్గరే చెప్పేసెయ్.

ఉదయగిరి_నుంచి_కువైట్
సెప్టెంబరు 5, రాత్రి 11:48

నేను ఎక్కువ చదువుకోలేదు, తప్పులుంటే క్షమించండి. కువైట్‌లో ఒక ఇంట్లో పనికి ఉన్నాను. నాలుగేళ్ళయింది. రాకముందు రొట్టెల పండక్కి నెల్లూరు చెరువులో విదేశీ రొట్టె, అంటే బయటి దేశం వెళ్ళాలని కోరుకునేవాళ్ళు పట్టే రొట్టె, తీసుకున్నాను. వెళ్ళి తిరిగి ఇవ్వాలి, అది ఇంకా బాకీ ఉంది.

నాకు ఫోన్ వదిలే రోజు లేదు. మా పిలకాయలు దాంట్లోనే ఉన్నారు. రాత్రి ఇంటి పని అయ్యాక ఇమోలో మాట్లాడతాను. కానీ మీరు రాసింది నాకూ ఉంది. మా పాప స్టేటస్ పెడుతుంది. ఏడుపు బొమ్మ పెడితే రాత్రంతా నిద్ర రాదు. ఫోన్ చేస్తే "ఊరికే పెట్టాను మా" అంటుంది. పాట పెట్టినా దాంట్లో అర్థం వెతుక్కుంటాను. మా మేడం పిల్లలు నవ్వుతుంటే మా పిల్లలు గుర్తొచ్చి బాత్రూంలోకి వెళ్ళి ఏడుస్తాను. అందరూ నాకు ధైర్యం లేదంటారు. ధైర్యం లేకపోతే ఇంత దూరం వస్తానా?

చెన్నై అమ్మాయి గారూ, ఇది జబ్బు కాదని మీరు రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను.

మగ్గం అక్కా, మా పాపకి కార్తీకంలో ఓణీల ఫంక్షన్ పెట్టారు. నాకు సెలవు దొరకలేదు. జాకెట్టు మీరు కుట్టిస్తారా? మా అమ్మ ఉదయగిరి నుంచి బస్సులో ఆది జాకెట్టు తెచ్చి ఇస్తుంది. డబ్బులు నేను పంపుతాను.

చెన్నై_నెల్లూరమ్మాయి
సెప్టెంబరు 6, ఉదయం 8:30

అమ్మా, పాపతో ఒక ఒప్పందం చేసుకోండి. నిజంగా బాధ ఉన్న రోజు స్టేటస్ పెట్టకుండా మీకు ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వమనండి. అప్పుడు స్టేటస్‌లో ఏ పాట ఉన్నా అది పాటే అని మీకు తెలుస్తుంది. మీరు ఏడ్చే రోజుల గురించి నాకు ప్రైవేటుగా రాయండి, నేను జవాబిస్తాను.

కావలి_కుర్రాడు
సెప్టెంబరు 6, మధ్యాహ్నం 1:10

అమ్మా, మా అమ్మ కూడా ఆరేళ్ళు దోహాలో ఉంది. నేనూ స్టేటస్‌లు పెట్టేవాణ్ణి. అమ్మ చూసిందా లేదా అని కింద పేర్లు చూసుకునేవాణ్ణి. మీ పాప కూడా చూసుకుంటూ ఉంటుంది. మీ పేరు కనపడితే చాలు దానికి.

మగ్గం_అక్క (నెల్లూరు)
సెప్టెంబరు 6, రాత్రి 9:15

తప్పకుండా కుడతాను. పనికి కూలి సంగతి తర్వాత చూసుకుందాం, దారం, పూసల ఖర్చు మాత్రం పంపండి.

కానీ ఆది జాకెట్టు వద్దు, పాపనే తీసుకురమ్మనండి. ఎదిగే పిల్ల, పాత కొలతలు పనికిరావు. పక్కల్లో రెండు వేళ్ళు లోపలికి గుడ్డ వదిలి కుడతాను, వచ్చే ఏడాది విప్పి వదులు చేసుకోవచ్చు. రంగు పాపనే అడుగుతాను. ఉదయగిరి బస్సు దిగి ఆత్మకూరు బస్టాండు నుంచి ఆటో ఎక్కితే మా వీధికి పది నిమిషాలు, అడ్రసు మీకు ప్రైవేటుగా పెట్టాను.

కొలతలన్నీ నోటుబుక్కులో రాసి మీకు పంపుతాను, భుజం, చెయ్యి, నడుము. ఎత్తు జాకెట్టుకి అక్కర్లేదు. అయినా గోడకి నిలబెట్టి అది కూడా కొలుస్తాను. మీరు చూసి నాలుగేళ్ళయింది కదా.